వకీలు ఉచితం, జామీను మాత్రం భూమి ఉన్నవాడికే: గోదావరి డెల్టాలో ఉచిత న్యాయ సహాయంపై సమీక్ష

పైసా కట్టక్కర్లేని సేవకు సమీక్ష ఎందుకని అడగొచ్చు. ఆసుపత్రి కంటే, హోటల్ కంటే దీనికే ఎక్కువ అవసరం. హోటల్లో కూర బాగోకపోతే పోయేది ఒక పూట. ఇక్కడ ఒక కాగితం ఒక రోజు ఆలస్యమైతే మనిషి ఇంకో నెల రిమాండ్‌లో ఉండిపోతాడు. ధవళేశ్వరం ఆనకట్ట దిగువన కోనసీమ లంకల నుంచి నరసాపురం, భీమవరం చెరువుల దాకా కేసులో చిక్కుకున్న కూలీకి, కౌలు రైతుకి, కొబ్బరి దింపు కార్మికుడికి మొదట గుర్తుకొచ్చేది ఊళ్లో పెద్దమనిషి, తర్వాత తాకట్టు కొట్టు, ఆ తర్వాత ప్లీడరు గారు. ఉచితంగా వకీలునిచ్చే ప్రభుత్వ న్యాయ సేవాధికార సంస్థ నాలుగోదో అయిదోదో. వరసలో అది మొదటికి రావాలి. అయితే అది ఎక్కడ ఆదుకుంటుందో, ఎక్కడ చేతులెత్తేస్తుందో ముందే తెలిసి వెళ్లాలి.

ఆ తేడా ఎందుకు వస్తుందో చెప్పడానికి సోషియాలజీలో సంఘర్షణ సిద్ధాంతాన్ని మించిన పనిముట్టు లేదు. డిగ్రీ పాఠాల్లో దీన్ని రెండు ముక్కల్లో తేల్చేస్తారు: చట్టం ధనికుల చేతిలో కర్ర, పేదవాడి వీపు మీద దెబ్బ. సిద్ధాంతం అంత పలచగా లేదు. చట్టం అంటే సమాజమంతా ఒప్పుకున్న నీతికి రాతరూపం అని ఏకాభిప్రాయ వాదులు అంటారు. సంఘర్షణ వాదులకు సమాజం ఒక్క ఇల్లు కాదు, గట్టు తగాదాలున్న పక్కపక్క చేలు. ఎవరి గుంపుకి బలముంటే వారి ప్రయోజనం చట్టంలోకి ఎక్కుతుంది, దానికి అడ్డొచ్చే అలవాటు నేరమవుతుంది. 1958లో జార్జ్ వోల్డ్ దీన్ని గుంపుల పోరుగా చూపించాడు. 1969లో ఆస్టిన్ టర్క్ ఇంకో అడుగు వేశాడు. నేరస్థుడు అన్నది మనిషి గుణం కాదు, అధికారం ఉన్నవాళ్లు లేనివాళ్లకు అంటించే హోదా అన్నాడు. కాబట్టి అడగాల్సిన ప్రశ్న ‘ఇతను ఎందుకు నేరం చేశాడు’ అని కాదు, ‘ఈ పనిని నేరమని ఎవరు, ఎప్పుడు, ఎందుకు అన్నారు’ అని.

దీనికి పాఠ్యపుస్తకాల్లో వచ్చే ఉదాహరణ ఇంగ్లండుది. ప్లేగు మహమ్మారిలో కూలీలు చచ్చిపోయి కూలి రేట్లు పెరిగిన రోజుల్లో, 1349లో, పని చేయగలిగి పని చేయనివాణ్ని శిక్షించే చట్టం వచ్చింది. దిమ్మరి చట్టాల పుట్టుక అక్కడుందని 1964లో విలియం చాంబ్లిస్ తవ్వి తీశాడు. మనకు అంత దూరం పోనక్కర్లేదు. ఇదే గోదావరికి ఎగువన మన్యంలో ఇంటి వాడకానికి జీలుగు కల్లు గీసుకోవడం తరాల అలవాటు. మద్రాసు ప్రభుత్వం అబ్కారీ నిబంధనలు తెచ్చి దాన్ని నేరం చేసింది. దానికి తోడు అక్కడి పెత్తందారు మున్సబుదారు కల్లు మీద వేసిన చిగురుపన్ను. 1879 రంప తిరుగుబాటుకి నిప్పు అక్కడే రాజుకుంది. కల్లు అదే, చెట్టు అదే. ఖజానాకి డబ్బు కావాల్సొచ్చేసరికి గీసినవాడు నేరస్థుడయ్యాడు.

ఈ రోజు డెల్టాలో ఇదే లెక్క సంక్రాంతికి కనపడుతుంది. కోడిపందేలు 1974 నాటి గేమింగ్ చట్టం కింద, 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం కింద నేరమే. ఆ 1960 చట్టం 11వ సెక్షన్‌లో మొదటి తప్పుకు జరిమానా 10 రూపాయల నుంచి 50 రూపాయలు. బరిలో ఒక్క పందెం మీద మారే సొమ్ముతో పోలిస్తే ఇది టీ ఖర్చు. హైకోర్టు ఉత్తర్వులున్నా ఆ మూడు రోజులూ టెంట్లు లేస్తాయి, కార్లు బారులు తీరతాయి. అదే లంకలో నాటుసారా బట్టీతో దొరికిన కుర్రాడు రిమాండ్‌కి పోతాడు. చట్టం పుస్తకంలో రెండూ నేరాలే. ఎవరి నేరం కళ్లపడుతుంది, ఎవరిది పండగ సరదా అవుతుంది అన్న దగ్గరే ఈ సిద్ధాంతం ఊపిరి ఉంది.

ఇక సేవ సంగతి.

ఉచిత న్యాయ సహాయానికి పునాది రాజ్యాంగంలో 39-ఎ అధికరణం. దాన్ని చేర్చింది 1976లో 42వ సవరణ, అంటే ఎమర్జెన్సీలో. అక్రమంగా నిర్బంధించారని హెబియస్ కార్పస్ అడిగే దారి కూడా లేదని సుప్రీంకోర్టు ఏడీఎం జబల్పూర్ కేసులో చెప్పిన సంవత్సరమే పేదలకు ఉచిత వకీలు అన్న హామీ రాజ్యాంగంలోకి వచ్చింది. సంఘర్షణ వాదుల్లో ఒక పాయకు ఇందులో వింత ఏమీ కనపడదు. చట్టం ధనికుడి చేతిలో ఎప్పుడూ కర్రలాగే ఉంటే జనం దాన్ని నమ్మరు, నిలబడాలంటే అప్పుడప్పుడు నిజంగానే పేదవాడి వైపు తీర్పు చెప్పాలి అన్నది వాళ్ల వాదన. మరి ఆ ‘నిజంగానే’ అన్న భాగం ఎంత ఉందో చూసుకుని వాడుకోవడమే తెలివి. దాన్ని అమలు చేసే న్యాయ సేవాధికార సంస్థల చట్టం 1987లో చేశారు, అది 1995 నవంబర్ 9న అమల్లోకి వచ్చింది.

ఎవరికి దొరుకుతుంది? ఆ చట్టం 12వ సెక్షన్ చదివితే మొదటి ఆశ్చర్యం, చాలామందికి ఆదాయంతో పనే లేదు. ఎస్సీ, ఎస్టీలు, స్త్రీలు, పిల్లలు, వికలాంగులు, పారిశ్రామిక కార్మికులు, మనుషుల అక్రమ రవాణా బాధితులు, కస్టడీలో ఉన్న ఎవరైనా సరే అర్హులే. ఈ వర్గాల్లో లేనివారికి మాత్రం ఆదాయ పరిమితి వర్తిస్తుంది, ఆంధ్రప్రదేశ్‌లో అది ఏడాదికి 3 లక్షల రూపాయలు. డెల్టా జనం మరిచిపోయేది ఇంకో వర్గం: వరద, పారిశ్రామిక ప్రమాదం లాంటి విపత్తుల బాధితులు. గోదావరి పొంగి లంక మునిగితే, ఆ నష్టానికి సంబంధించిన తగాదాలో ఉచిత వకీలు అడగొచ్చు. 2014 జూన్‌లో కోనసీమలో నగరం అనే ఊళ్లో గ్యాస్ పైపులైను పేలినప్పటి లాంటి ప్రమాదానికీ ఇదే దారి. స్త్రీలకు ఆదాయ పరిమితి లేదు కాబట్టి ఇరవై ఎకరాల కొబ్బరితోట ఆసామి భార్య కూడా ఇదే కౌంటర్ దగ్గర ఇదే వకీలును పొందొచ్చు. ఈ ఒక్క చోట వర్గ లెక్క తప్పింది అని మార్క్సిస్టు నవ్వుకుంటే నవ్వుకోనీ. ఆవిడ పేర ఒక సెంటు భూమైనా ఉందో లేదో చూడమని స్త్రీవాది అడుగుతుంది.

ఎక్కడికి వెళ్లాలన్న దగ్గరే మొదటి చిక్కు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయి కోనసీమకు అమలాపురం, పశ్చిమ గోదావరికి భీమవరం కేంద్రాలయ్యాయి. కోర్టుల లెక్క ఆ విభజనతో మారలేదు. ఉమ్మడి జిల్లాల జిల్లా కోర్టులు, వాటితోపాటు జిల్లా న్యాయ సేవాధికార సంస్థలు రాజమహేంద్రవరం, ఏలూరుల్లోనే ఉండిపోయాయి. అమలాపురం నుంచి రాజమహేంద్రవరం అరవై కిలోమీటర్ల పైమాటే, ఆ రోజు కూలి పోయినట్టే. అందుకని నేరుగా జిల్లా ఆఫీసుకి పరుగెత్తొద్దు. అమలాపురం, రాజోలు, కొత్తపేట, రామచంద్రపురం, నరసాపురం, తణుకు లాంటి కోర్టు ఉన్న ఊళ్లలో కోర్టు ఆవరణలోనే మండల న్యాయ సేవా కమిటీని వెతకండి. పేరుకి మండల కమిటీయే గానీ ప్రతి మండలంలో ఉండదు. 15100 నంబరుకి ఫోన్ చేస్తే సలహా దొరుకుతుంది, దరఖాస్తు మాత్రం ఎవరో ఒకరు చేతికివ్వడమే మేలు.

దరఖాస్తు తెలుగులో, తెల్లకాగితం మీద సరిపోతుంది. రాయలేనివారు నోటితో చెబితే పారా లీగల్ వాలంటీరు రాయాలి. పట్టుకెళ్లాల్సినవి ఆధార్ నకలు, ఎస్సీ, ఎస్టీ అయితే కుల ధ్రువపత్రం, కేసు కాగితాల్లో ఉన్నవన్నీ: ఎఫ్ఐఆర్ నకలు, సమన్లు, రిమాండ్ తేదీ, తర్వాతి వాయిదా. ఆదాయం విషయంలో సొంత అఫిడవిట్ చాలని 13వ సెక్షన్ చెబుతోంది. అనుమానించడానికి కారణం ఉంటే తప్ప తహసీల్దారు ఇచ్చిన ఆదాయ ధ్రువపత్రం కావాలని తిప్పి పంపకూడదు. ఇక్కడ పది రోజులు పోగొట్టుకునేవాళ్లు చాలామంది. దరఖాస్తు మీద వెంటనే, ఆలస్యమైతే ఏడు రోజుల్లోపు నిర్ణయం చెప్పాలని 2010 నిబంధనలు అంటున్నాయి. రశీదు తీసుకుంటేనే ఆ ఏడు రోజులకు లెక్క ఉంటుంది. వకీలును కేటాయించాక ఆయన పేరున్న ఉత్తర్వు నకలు అడగాలి. కోర్టు ఫీజు, ప్రాసెస్ ఫీజు, నకళ్ల ఖర్చు, సాక్షుల ఖర్చు కూడా ఈ సేవలో భాగమే. ‘కాగితాల ఖర్చులకి’ అని గుమాస్తా చేయి చాపితే ఇవ్వక్కర్లేదు. ప్యానెల్ వకీలు కక్షిదారు దగ్గర డబ్బు తీసుకోవడం నిషిద్ధం, అడిగితే సంస్థ కార్యదర్శికి రాతపూర్వకంగా చెప్పి వకీలును మార్పించుకోవచ్చు.

తరచూ జరిగే తప్పు ఇంకొకటుంది. అరెస్టయిన రోజే ఇంట్లోవాళ్లు బంగారం తాకట్టు పెట్టి బయటి వకీలును పెట్టేస్తారు. మొదటి బెయిల్ పిటిషన్ కొట్టేసేసరికి డబ్బు అయిపోతుంది. అప్పుడు ఉచిత సహాయానికి వస్తారు. కానీ పాత వకాల్తా ఇంకా ఫైల్లో ఉంటుంది. పాత ప్లీడరు అభ్యంతరం లేదని రాసివ్వాలి, లేదా కోర్టు అనుమతి తీసుకోవాలి. ఫీజు బాకీ ఉంటే ఆ సంతకం అంత తొందరగా రాదు. కస్టడీలో ఉన్నవాడికి ఆదాయంతో పనిలేకుండా వకీలు దొరుకుతాడు కాబట్టి మొదటి రోజే అడగాలి.

ఈ సేవ నిజంగా మెచ్చుకోదగ్గది ఆ మొదటి రోజే. అరెస్టు చేసిన 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలి, ఆ మొదటి హాజరు నుంచే ఉచిత వకీలు హక్కు మొదలవుతుందని 1981లో ఖత్రీ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ హక్కు ఉందని చెప్పకుండా నడిపిన విచారణే చెల్లదని 1986లో సుఖ్ దాస్ కేసులో అంది. 2022లో వచ్చిన లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సెల్ పద్ధతిలో పూర్తికాలం జీతానికి పనిచేసే వకీళ్లుంటారు, వాళ్లు సొంత ప్రాక్టీసు చేయకూడదు. పాత ప్యానెల్ పద్ధతిలో ఒక ఉచిత కేసు పది ఫీజు కేసుల మధ్య ఎక్కడో ఇరుక్కునేది. ఇది దానికంటే చాలా నయం.

వాళ్ల చేత చేయించుకోవాల్సిన పనులు తెలిసుండాలి. ఏడేళ్లు, అంతకంటే తక్కువ శిక్ష ఉన్న నేరమైతే మామూలుగా అరెస్టు కాదు, నోటీసు ఇవ్వాలి. స్టేషన్లలో ఇప్పటికీ ‘41-ఎ నోటీసు’ అనే అంటారు. 2024 జులై 1 నుంచి అది, పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో వచ్చిన నాగరిక్ సురక్షా సంహితలో 35(3). నోటీసు ఇవ్వకుండా ఎందుకు అరెస్టు చేశారో రిమాండ్ రిపోర్టులో కారణాలు ఉండాలి, లేకపోతే అక్కడే వాదించాలి. రెండోది గడువు బెయిల్. నేరాన్ని బట్టి 60 రోజుల్లో లేదా 90 రోజుల్లో ఛార్జిషీటు రాకపోతే అదే సంహిత 187(3) కింద బెయిల్ హక్కుగా వస్తుంది. రిమాండ్ చేసిన రోజుని కూడా లెక్కలో కలపాలని 2023లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. మెలిక ఏమిటంటే ఆ బెయిల్ దానంతటది రాదు, అడగాలి. గడువు దాటినా అడగకముందే ఛార్జిషీటు పడితే హక్కు పోయినట్టే. ఇంట్లోవాళ్ల దగ్గర రిమాండ్ తేదీ ఉండదు, వకీలు చేతిలో యాభై ఫైళ్లుంటాయి, ఆ ఒక్క రోజు జారిపోతుంది. క్యాలెండర్ మీద గీత పెట్టుకోవడం ఇంటివాళ్ల పని.

మూడోది 479వ సెక్షన్. ఇంతకుముందు ఏ నేరంలోనూ శిక్ష పడనివాడు గరిష్ఠ శిక్షలో మూడో వంతు, మిగతావాళ్లు సగం కాలం విచారణ ఖైదీగా గడిపేస్తే విడుదలకు అర్హులు. మరణశిక్ష, యావజ్జీవం ఉన్న నేరాలకు ఇది లేదు. దీనికి జైలు సూపరింటెండెంటే కోర్టుకి దరఖాస్తు పెట్టాలి. వినడానికి బాగుంది. కింద ఉపసెక్షన్ చూడండి: ఒకటికి మించి నేరాల్లో గానీ కేసుల్లో గానీ విచారణ పెండింగ్‌లో ఉంటే ఈ వెసులుబాటు లేదు. ఎవరి మీద కేసులు పేరుకుంటాయి? పోలీసు చూపు ఎప్పుడూ ఎవరి పేట మీద ఉంటుందో వాళ్ల మీద. 1871 నేరస్థ తెగల చట్టం ఏకంగా కులాలనే పుట్టు నేరస్థులన్నది, అది 1952లో పోయింది. ఆ చోటులోకి అలవాటు నేరస్థుల చట్టాలు వచ్చాయి, ఆంధ్రప్రదేశ్‌ది 1962లో. ఈ రోజు సారా కేసులు మూడు ఉన్నవాడు 479 గడప దాటలేడు. అక్కడ కులం పేరు ఎక్కడా లేదు, లెక్క మాత్రం ఆ పాత పేటలకే వెళ్లి ఆగుతుంది. టర్క్ చెప్పిన హోదా అంటించడం ఇదే.

బెయిల్ వచ్చిందనుకుందాం. సేవ తడబడేది ఇక్కడ.

ఉత్తర్వులో ‘ఇద్దరు జామీనుదారులు, ఒక్కొక్కరు ఇంత మొత్తానికి’ అని ఉంటుంది. జామీనుదారు పట్టాదారు పాసుపుస్తకం, ఇంటి పన్ను రశీదు, ఆధార్, ఫొటోలు పట్టుకుని రావాలి. ఆస్తి విలువకు రెవెన్యూ వారి ధ్రువపత్రం అడగొచ్చు. కొన్నిచోట్ల ప్రభుత్వోద్యోగి జీతం సర్టిఫికెట్ పనికొస్తుంది. ఇప్పుడు డెల్టా భూమి ఎవరి పేర ఉందో ఆలోచించండి. చేలో దిగేది కౌలు రైతు, పాసుపుస్తకం ఆసామిది. 2019 పంట సాగుదారు హక్కుల చట్టం కింద కౌలు కార్డు వచ్చినా అది 11 నెలల సాగుకి, అదీ యజమాని సంతకం పెడితేనే. దాన్ని చూపించి జామీను ఇవ్వలేరు. పోరంబోకులో ఇల్లున్నవాడికి పన్ను రశీదు ఉన్నా స్థలం తనది కాదు. ప్రభుత్వం పేదలకిచ్చిన డి-పట్టా భూమి అమ్మకాలను ఆపే 1977 చట్టం ఆంక్షల కింద ఉంటుంది కాబట్టి దాన్ని పక్కన పెట్టేసే అవకాశమే ఎక్కువ. అన్నీ ఉన్నవాడు ఒక్కడే, పని ఇచ్చే ఆసామి. ఆయన వచ్చి సంతకం పెడితే కుర్రాడు బయటికొస్తాడు. ఆ సంతకం రుణం వడ్డీతో సహా మరుసటి సీజన్‌లో కూలి రేటు దగ్గర తీరుతుంది. వకీలు ఉచితంగా వచ్చినా స్వేచ్ఛ మాత్రం భూమి ఉన్నవాడి పూచీ మీదే నడిచింది. ఇక్కడ ఎవరూ లంచం తీసుకోలేదు, ఎవరూ అబద్ధం ఆడలేదు. ఆస్తి ఉన్నవాడు పారిపోడు, లేనివాడు పారిపోతాడు అన్న ఒక్క ఊహ చట్టంలో కూర్చుని ఉంది, అంతే.

ఈ ఊహ తప్పని సుప్రీంకోర్టు 1978లోనే మోతీరామ్ కేసులో చెప్పింది. మేస్త్రీకి పదివేల జామీను అడిగి, పై జిల్లా వాడి పూచీ చెల్లదన్నందుకు కింది కోర్టును మందలించింది. చేతిలో పట్టుకోవాల్సిన ఆయుధాలు ఉన్నాయి, వాడటం లేదు. బాండు మొత్తం మనిషి పరిస్థితికి తగ్గట్టుండాలి, అతిగా ఉండకూడదని 484వ సెక్షన్. బెయిలబుల్ నేరంలో వారం దాటినా జామీను తేలేకపోతే పేదవాడిగానే భావించి సొంత పూచీకత్తు మీద వదలాలని 478. బెయిల్ ఇచ్చి ఏడు రోజులైనా మనిషి బయటికి రాకపోతే జైలు సూపరింటెండెంటు న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శికి చెప్పాలి, నెల దాటితే షరతులు సడలించడాన్ని కోర్టు తనంతట తానే పరిశీలించవచ్చు, స్థానిక జామీను షరతు పెట్టకపోవడం మంచిది అని 2023 జనవరి 31న సుప్రీంకోర్టు మార్గదర్శకాలిచ్చింది. ఈ ఉత్తర్వు నకలు వకీలుకి మనమే ఇచ్చి మెమో వేయించాలి. అదే ఏడాది కేంద్రం పేద ఖైదీల సహాయ పథకం తెచ్చింది. జామీను మొత్తం కట్టలేని విచారణ ఖైదీకి 40 వేల రూపాయల దాకా, జరిమానా కట్టలేక ఉండిపోయిన శిక్షా ఖైదీకి 25 వేల దాకా ఇవ్వాలని 2023 నిబంధనల్లో పెట్టారు. మాదకద్రవ్యాలు, మనీలాండరింగ్, ఉగ్రవాద నిరోధక, అవినీతి నిరోధక చట్టాల కేసులకు వర్తించదు. పథకం గురించి కౌంటర్లో ఎవరూ ముందుగా చెప్పరు, పేరు పెట్టి అడగాలి.

కస్టడీ భాగానికి పది మార్కులకు ఏడు, జామీను భాగానికి మూడు. ఆ మూడూ పుస్తకంలో ఉన్న హక్కులకు.

లోక్ అదాలత్ వేరే సరుకు. ఇక్కడ మార్క్ గలాంటర్ 1974లో చెప్పిన మాట గుర్తుంచుకోవాలి: కోర్టుకి మళ్లీ మళ్లీ వచ్చేవాడు వేరు, జీవితంలో ఒక్కసారి వచ్చేవాడు వేరు. బీమా కంపెనీ, బ్యాంకు, చిట్‌ఫండ్ మొదటి రకం. వాళ్లకు ఒక కేసు ఓడినా వెయ్యి కేసుల సగటు ముఖ్యం, ఏ అదాలత్‌లో ఎంతకు తెగుతుందో తెలుసు. ప్రమాదంలో భర్త పోయిన ఆవిడకు అదే మొదటి కోర్టు, అదే చివరిది. అలసిపోయినవాళ్లు తక్కువకు ఒప్పుకుంటారు. లోక్ అదాలత్ అవార్డు డిక్రీతో సమానం, దానిపై అప్పీలు లేదు, కట్టిన కోర్టు ఫీజు తిరిగిస్తారు. అప్పీలు లేదన్న ముక్క సంతకం ముందు చెవిన పడాలి. ప్రమాద పరిహారం కేసుల్లో, చనిపోయినవారి వయసు, ఆదాయం, ఆధారపడ్డవారి సంఖ్యతో వచ్చే లెక్కను వకీలు చేత కాగితం మీద వేయించి, ఆ అంకె చేతిలో పెట్టుకున్నాకే బెంచీ ముందు కూర్చోవాలి.

చెక్కు కేసుల్లో మాత్రం ఈ సరుకు కొనదగ్గదే. డెల్టాలో రొయ్యల రైతు మేత అరువు తెచ్చేటప్పుడు సంతకం పెట్టిన ఖాళీ చెక్కులు ఇవ్వడం మామూలు. వైరస్ వచ్చి చెరువు పోతే ఆ చెక్కు మీద అంకె పడుతుంది. బ్యాంకు తిప్పికొట్టాక 30 రోజుల్లో నోటీసు, నోటీసు అందాక 15 రోజుల గడువు, ఆ తర్వాత నెలలో నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద చెక్కు బౌన్స్ కేసు. శిక్ష రెండేళ్ల దాకా జైలు, లేదా చెక్కుకి రెట్టింపు జరిమానా, లేదా రెండూ. ఒకప్పుడు ఇది వట్టి సివిల్ బాకీ. 1988 సవరణతో, 1989 ఏప్రిల్ 1 నుంచి నేరమైంది. బాకీ చెల్లించకపోవడం నేరమెప్పుడైంది? అప్పు ఇచ్చేవాళ్లకు కావాల్సినప్పుడు. దీని పక్కన 2019 వేతనాల కోడ్ పెట్టి చూడండి. కూలీకి రావాల్సిన దానికన్నా తక్కువ ఇచ్చిన యజమానికి మొదటి తప్పుకు 50 వేల దాకా జరిమానాయే, జైలు లేదు. రెండూ ఇవ్వాల్సిన డబ్బు ఇవ్వకపోవడమే. సంఘర్షణ సిద్ధాంతాన్ని క్లాసులో చెప్పేవారికి ఈ రెండు సెక్షన్లు పక్కపక్కన బోర్డు మీద రాస్తే గంట పాఠం మిగులుతుంది.

ఆచరణలో చేయాల్సింది: నోటీసు అందిన 15 రోజుల్లోపు జవాబు ఇవ్వడం. ఊరుకుంటే చెక్కు అప్పు కోసమే ఇచ్చారన్న 139 ఊహ ఇంకా బిగుసుకుంటుంది. ఎంత మేత వచ్చింది, ఎంత కట్టారు, చెక్కు ఎప్పుడు ఏ పూచీగా ఇచ్చారు అన్నది బిల్లులతో జవాబులో పెట్టాలి. న్యాయ సలహా కూడా ఉచిత సేవలో భాగమే కాబట్టి ఈ దశలోనే వెళ్లాలి, సమన్లు వచ్చేదాకా ఆగొద్దు. కోర్టు 143-ఎ కింద 20 శాతం దాకా మధ్యంతర పరిహారం కట్టమనొచ్చు. అది తప్పనిసరి కాదని 2024లో సుప్రీంకోర్టు చెప్పింది కాబట్టి ఎదురు వాదన వేయించాలి. రాజీకి వస్తే వాయిదాల మొత్తం చెరువు పట్టుబడి నెలలకు సరిపోయేలా రాయించండి. లోక్ అదాలత్‌లో రాజీపడ్డ చెక్కు కేసు కూడా సివిల్ డిక్రీలాగే అమలవుతుందని 2011లో గోవిందన్ కుట్టి మీనన్ కేసులో తేలింది. అంటే జైలు భయం పోతుంది, వాయిదా తప్పితే మాత్రం జప్తు వస్తుంది.

స్త్రీల కేసుల్లో ఈ సేవకు ఇంకా మంచి మార్కులు వేయాలి, వర్గ సంఘర్షణ ఒక్కదానితోనే అన్నీ కొలిచేవారికి ఇక్కడ ఇబ్బంది కూడా ఉంది. కూలి ఇంట్లో దెబ్బలు తినే ఆవిడకు శత్రువు పాలకవర్గం కాదు, పక్క మంచం మీద ఉన్నవాడు. పేదవాడి సైకిల్ దొంగిలించేది ఎక్కువగా ఇంకో పేదవాడే. ఈ లోపాన్ని పట్టించుకోవాలని 1980ల్లో వామపక్ష వాస్తవికవాదులు సొంత శిబిరాన్నే మందలించారు. 2005 గృహహింస చట్టం కింద పిటిషన్ వేస్తే మొదటి వాయిదా మామూలుగా మూడు రోజుల్లోపు ఉండాలి, 60 రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలి. వకీలు దొరకడం తేలిక. వాయిదాలు సాగదీసేది నోటీసు అందకపోవడం. భర్త వలస పనికి హైదరాబాదో, గల్ఫో పోయుంటే అక్కడి చిరునామా, ఫోన్ నంబరు మొదటి పిటిషన్‌లోనే ఇవ్వాలి.

మిగిలింది గుంపుగా జనం మీద పడే కేసులు. 2016లో భీమవరం దగ్గర తుందుర్రులో ఆక్వా ఫుడ్ పార్కును ఊళ్లవాళ్లు వ్యతిరేకించినప్పుడు 144వ సెక్షన్ పెట్టారు, జనం మీద కేసులు పడ్డాయి. కాలువలోకి వదిలే మురుగు గురించి అడిగినవాడు శాంతిభద్రతల సమస్య అవుతాడు. ఉచిత న్యాయ సహాయం ఒక్కొక్క మనిషికి ఒక్కొక్క దరఖాస్తుగా కొలిచి ఇస్తుంది, ఊరంతా ఒక కక్షిదారు అన్న గడి అందులో లేదు. ఇలాంటప్పుడు అందరి దరఖాస్తులూ ఒకేరోజు పెట్టి, ఒకే వకీలుకి కేటాయించమని రాతపూర్వకంగా అడగడమే దారి.

పండగ ముందు, ఎన్నికల ముందు గొడవ చేయనని బాండు రాయించుకునే బైండోవర్లకు కూడా ఎవరూ వకీలును అడగరు, తహసీల్దారు ఆఫీసు కోర్టు కాదనుకుంటారు. కానీ న్యాయ సేవల చట్టంలో కోర్టు అంటే రెవెన్యూ కోర్టు, అర్ధ న్యాయ అధికారం ఉన్న ఏ అధికారైనా సరే. నాగరిక్ సురక్షా సంహిత 126వ సెక్షన్ కింద ఏడాది దాకా బాండు రాయించుకునేటప్పుడు సంతకం పెట్టకముందే అడగాల్సినవి మూడు: ఏ సమాచారం మీద పిలిచారో చెప్పే రాతపూర్వక ఉత్తర్వు, వకీలు వచ్చేదాకా వాయిదా, బాండు మొత్తం అతిగా ఉండకూడదన్న 136వ సెక్షన్ ప్రకారం ఆ అంకె తగ్గింపు.